తుపాకీకి ఒక ఆసరా

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అది కోపం కాదు, భయం. భయమేస్తే నేను అరుస్తాను, ఎదుటివాళ్ళు దాన్ని కోపమనుకుంటారు, నేనూ కాదనను. ఆ ఏడు సౌదీ నుంచి రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరి మీద అరుస్తూనే ఉన్నాను. చాయ్ చల్లారిందని, మేక గడప ఎక్కిందని, రుద్రంగి బస్సు రాలేదని. నాలుగేండ్లు ఎండకు ఎండి వచ్చాడు, తలకాయ ఇంకా చల్లబడలేదని మా చెల్లె నవ్వేది. అసలు సంగతి తలకాయలో లేదు, చేతుల్లో ఉంది. అది నేను ఎవరికీ చెప్పలేదు.

సౌదీలో నాది రోడ్డు పని. బ్రేకర్ మిషను పట్టుకొని కాంక్రీటు పగలగొట్టడం. ఆ మిషను పొద్దంతా మనిషిని ఊపుతుంది. మొదటి ఏడు రాత్రి పడుకున్నాక చేతులు తిమ్మిరెక్కేవి. రెండో ఏటికి వణుకు మొదలైంది. చలికాలం వేళ్ళ కొసలు సున్నం అద్దినట్టు తెల్లబడేవి, అంగీ బొత్తాలు పెట్టుకోవడానికే గడియసేపు పట్టేది. ఇంటికి వచ్చాక నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని తాగుతుంటే చెల్లె వింతగా చూసింది. అక్కడ అందరూ ఇట్లాగే తాగుతారు, అది మర్యాద అన్నాను. పాపం నమ్మింది. మర్నాటి నుంచి బాపుకు కూడా రెండు చేతులతో గ్లాసు అందించడం మొదలుపెట్టింది.

బాపు అంటే మా నాయన. నలభై ఏండ్లు తాటిచెట్లు ఎక్కి కల్లు గీసిన మనిషి. అమ్మ పోయిన తర్వాతి ఏడు ఆయన కండ్లకు పొర వచ్చింది. దగ్గరిది కనిపిస్తుంది గాని పది అడుగులు దాటితే మనిషో మొద్దో తెలియదు. చెట్టు ఎక్కడం మానేశాడు. చెల్లె మొగుడు సాంచెల పనికి, అంటే మరమగ్గాలు నడపడానికి, బొంబాయి పక్క భీవండి పోయాడు. ఒక్క గదిలో ఎనిమిది మందిమి పడుకుంటున్నాం, నువ్వు ఇప్పుడే రాకు అని ఒక ఉత్తరం రాశాడు, ఆ తర్వాత అదీ లేదు. చెల్లె పది నెలల బిడ్డను, రెండు మేకలను తోలుకొని మా ఇంటికే వచ్చేసింది. బీడీలు చేసేది. ఇంటికి కావలసినంత నా సౌదీ నుంచే రావాలి. అందుకే నా చేతుల సంగతి నోటి దాకా వచ్చి ఆగిపోయేది. చెప్తే బాపు పోవద్దంటాడు. పోకపోతే ఇల్లు ఎట్లా నడుస్తుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

నేను వచ్చిన మూడో వారం ఒక తెల్లవారుజామున తోడేలు వచ్చింది. మా ఇల్లు ఊరి చివర, వాగు ఒడ్డున ఉంటుంది. అటు పక్క రుద్రంగి గుట్టలు. చెల్లె బిడ్డ ఉయ్యాల పందిరి గుంజకు కట్టి ఉంది, అదే గుంజకు ఒక మేక. చెల్లె నీళ్ళ బిందె తీసుకొని బోరింగు దాకా పోయి వచ్చింది, అంతే. వచ్చేసరికి మేక లేదు. తెగిన పలుపు కింద పడి ఉంది. ఉయ్యాల కింద నేల మీద నెత్తురు చుక్కలు. బిడ్డ నిద్రపోతూనే ఉంది, ఉయ్యాల మాత్రం ఇంకా ఊగుతోంది. చెల్లె కేక విని నేను బయటికి ఉరికి వచ్చేసరికి ఆమె ఆ ఉయ్యాలను రెండు చేతులతో ఆపి పట్టుకొని నిలబడింది. ఎంత పిలిచినా వదలలేదు.

అది ఒక్కసారితో పోలేదు. అదే వారంలో ఇద్దరి ఇండ్లలో గొర్రెలు పోయాయి. కంప కొట్టి అడ్డం పెడితే కంప కింద నుంచి దూరింది. ఊళ్ళో వయసు మగవాళ్ళు చాలామంది దుబాయిలోనో, మస్కట్‌లోనో, భీవండిలోనో ఉన్నారు. ఉన్నది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. వాకిట్లో పడుకోవడం మానేశారు. పొద్దు గుంకకముందే తలుపులు బిడాయించుకునేవాళ్ళు. ఇప్పుడైతే తోడేలును కొడితే కేసు అవుతుంది. అప్పుడు మాకు చట్టం తెలియదు, తెలిసినా ఉయ్యాల ముందు చట్టం గుర్తొచ్చేది కాదు.

పంట కాపలాకని బాపు పేర లైసెన్సున్న పాత తుపాకీ ఒకటి మా ఇంట్లో ఉంది. ముందు నుంచి మందు పోసి, కొబ్బరి పీచు దట్టించి, సీసం గుండు వేసి కొట్టే రకం. ఒక్క దెబ్బే. అది తప్పితే మళ్ళీ మందు దట్టించే లోపల ఏ జంతువైనా గుట్ట ఎక్కేస్తుంది. సౌదీ పోకముందు నేను దానితో మక్క చేను మీద పడ్డ అడవి పందులను కొట్టాను, నిలబడే కొట్టాను, అందుకని ఊళ్ళో నాకు పేరుంది. పెద్దమనుషులు నలుగురు వచ్చి బాపుకు కండ్లు లేవు, మీ వాడికి గురి ఉంది, ఇగ మీదే భారం అన్నారు. నేను గంభీరంగా తల ఊపాను. చేతులు మాత్రం వెనక కట్టుకొనే ఉన్నాను.

వణికే చేతులతో గుండు ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. వాగు దారిలో పొద్దున సాయంత్రం మనుషులు నడుస్తారు, ఎదురు ఒడ్డున ఇండ్లున్నాయి. తోడేలు తప్పించుకుంటే బిడ్డకు అపాయం, గుండు తప్పితే ఇంకెవరి బిడ్డకో అపాయం. ఆ రాత్రి మొత్తం చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని పడుకున్నాను. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. తుపాకీని చేతుల మీద ఎందుకు మోయాలి, దేని మీదనైనా ఆనిస్తే సరిపోతుంది కదా.

పొద్దున్నే బాపుతో అన్నాను, దూరపు గురికి తుపాకీ కింద ఆసరా ఉండాలి, సౌదీలో షేకులు వేటకు పోతే మూడు కాళ్ళ స్టాండు పెట్టుకుంటారు, నేను కండ్లారా చూశాను అని. నేను చూసింది రోడ్డు, కాంక్రీటు, దుమ్ము. షేకు వేట ఏనాడూ చూడలేదు. బాపు నా వైపు తల తిప్పి, మరి ఇదివరకు అవసరం పడలేదు కదరా అన్నాడు. ఇదివరకు కొట్టింది పందులను, పంది మందం, తోడేలు సన్నం అని ఎగిరిపడ్డాను. ఆయన గొడ్డలి తీసుకొని పోయి తునికి చెట్టు నుంచి ఒక పంగల కట్టె కొట్టుకొచ్చాడు.

కట్టె బాగుంది. నా రొమ్ము ఎత్తు, నున్నగా చెక్కిన పంగ. వాకిట్లో నిలబెట్టి తుపాకీ గొట్టం పంగలో పెట్టి గురి చూశాను. అంతే, టక టక టక అని చప్పుడు మొదలైంది. నా చేతుల వణుకు గొట్టంలోకి పోయి కట్టెను కొడుతోంది. కంటికి కనపడని వణుకును ఆ కట్టె వాకిలంతా వినిపిస్తోంది. బాపు పందిట్లో కూర్చొని బీడీ ఆకుకు నీళ్ళు చల్లుతున్నాడు, చేయి ఆపి చెవి ఇటు పెట్టాడు. నేను గబుక్కున తుపాకీ ఎత్తేసి, ఇదేం కట్టె, వంకర ముండది, నేల మీద నిలవనే నిలవదు అని దాన్ని పెరట్లోకి విసిరేశాను. నిజానికి ఆ కట్టె నాకంటే నిటారుగా ఉంది.

గట్టి దాని మీద గట్టిది పెడితే చప్పుడూ అవుతుంది, మందు పేలినప్పుడు గొట్టం ఎగిరి గుండు పైనుంచి పోతుంది కూడా. అది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. మెత్తటిది కావాలి, పైగా గొట్టం కింద కాదు, దాని వెనక కట్టె భాగం కింద ఉండాలి. ఇసుక మూట కట్టి చూశాను, గోనె సంచిలోంచి ఇసుక కారిపోయింది. అప్పుడు సిరిసిల్లలో సాంచెల మీద పనిచేసే నా చిన్ననాటి దోస్తు గుర్తొచ్చాడు. వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల పోయాను.

దోస్తు సాంచెల ఖార్ఖానాలో సగం సాంచెలు ఆగిపోయి ఉన్నాయి. ఆ చప్పుడు సగమయ్యేసరికి ఆ గల్లీ నాకు కొత్త జాగాలాగా అనిపించింది. తనూ వచ్చే నెల భీవండి పోదామనుకుంటున్నానని చెప్పాడు. చిక్కు పడిన నూలు, తెగిన పోగులు ఒక సంచి నిండా కూరి ఇస్తూ, దీని మీద తుపాకీ పెడతావా, మేము అన్నం తినేదే దీని మీద అని నవ్వాడు. నా చేతిలో చాయ్ సాసర్‌లోకి ఒలుకుతుంటే చూశాడు గాని ఏమీ అడగలేదు. తన వేళ్ళూ అంత బాగా ఏం లేవు.

మరుసటి రోజు తుపాకీ టోపీల కోసం జగిత్యాల పోయాను. మందును అంటించే చిన్న రాగి టోపీలవి, లైసెన్సు చూపిస్తేనే ఇస్తారు. తిరుగు దారిలో కోరుట్లలో ఏజెంటును కలిస్తే పదకొండు రోజుల్లో టికెట్ అన్నాడు. పదకొండు రోజులు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని వేళ్ళ మీద లెక్క పెట్టాను. ఆ లోపల తోడేలు చావకపోతే నేను విమానం ఎక్కడం ఎట్లా, ఎక్కినా అక్కడ నిద్రపోవడం ఎట్లా. గోవిందారం దాటాక బస్సు టైరు పంక్చరైతే డ్రైవరు మీద అరిచాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, దిగి నడువు మరి అన్నాడు.

నూలు సంచి అద్భుతంగా పనిచేసింది. అరుగు మీద సంచి, సంచి మీద తుపాకీ, ముప్పై అడుగుల్లో పాత కల్లు లొట్టి. వణుకంతా ఆ నూలు మింగేసింది. ఒక్క దెబ్బకు లొట్టి ముక్కలైంది. చెల్లె బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది, చెల్లె మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వింది. నేనూ మీసం దువ్వాను. కాని తోడేలు మా అరుగు ముందుకు వచ్చి నిలబడదు కదా. అది వాగు దాటే చోట సంచి పెట్టడానికి తగిన బండ ఒక్కటే ఉంది, ఆ బండ మీద నుంచి చూస్తే గురికి సరిగ్గా వెనక ఎదురు ఒడ్డు ఇండ్లు. ఆ ఇండ్ల ముందు పిల్లలు ఆడుతుంటారు. అక్కడి నుంచి కొట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు బాపుకు తట్టింది తాటిచెట్టు. వాగు మలుపులో ఆయన నలభై ఏండ్లు గీసిన తాడు ఒకటుంది. దాని మీద నుంచి కొడితే గుండు కిందికి పోయి నేలలోనే దిగుతుంది, ఎవరికీ తగలదు. మోకు నడుముకు వేసుకొని వెనక్కి వాలితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, కల్లు గీసేటప్పుడు ఉన్నట్టే. నూలు సంచిని మట్టకు కట్టి దాని మీద తుపాకీ పెట్టు అన్నాడు. తాటిచెట్టంత కదలని జాగా లోకంలో ఎక్కడుందిరా అన్నాడు. మా ఇంట్లో పుట్టిన ఎవరైనా ఆ మాటే అంటారు. నాకూ అదే నమ్మకం.

తెల్లవారుజామున చీకటి పలచబడే వేళకు ఎక్కాను. నాలుగేండ్ల తర్వాత మోకు నడుముకు పడితే హాయిగా అనిపించింది. వణుకు కూడా తగ్గినట్టే ఉంది. కొంచెం వెలుగు వచ్చాక అది వచ్చింది. వాగు ఇసుక మీద తల వంచుకొని, ఎవరింటికో పోతున్నంత నిదానంగా. మా ఇంటి వైపే. నేను ఊపిరి బిగపట్టి గురి చూశాను. గురి దాని మెడ మీద ఉంది, తర్వాత దాని ముందు ఇసుక మీద ఉంది, మళ్ళీ మెడ మీదికి వచ్చింది. మెడ మీద ఉన్నప్పుడే మీట నొక్కాననుకున్నాను. గుండు దానికి రెండు మూరల అవతల ఇసుక లేపింది. తోడేలు ఒక్కసారి చెట్టు పైకి చూసి గుట్టల్లోకి పోయింది.

దిగి వచ్చి బాపు ముందు నిలబడలేకపోయాను. నా చేతులే చేశాయి, ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. బాపు మాత్రం చెట్టు మొదలుకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అరచెయ్యి తీయకుండానే అన్నాడు. “గాలికి ఊగుతున్నదిరా ఇది. నలభై ఏండ్లు దీని మీదనే ఉన్న. ఊగుతదని గీ పొద్దు ఎర్కైంది నాకు.”

చెట్టుతో పాటు ఊగేవాడికి చెట్టు ఊగుతున్నట్టు తెలియదు. తుపాకీకి తెలిసింది. ఆయన తన మీద తనే నవ్వుకున్నాడు, నేనూ నవ్వాను. తప్పు చెట్టు మీదికి పోయినందుకు నాకు కలిగిన నెమ్మది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తోడేలు బతికిపోయిందని కాదు, నా గుట్టు బతికిపోయిందని సంతోషపడ్డాను.

ఆ సంతోషం మరుసటి రోజు సాయంత్రం దాకా కూడా లేదు. ఇంకా వెలుతురు ఉంది. చెల్లె వాకిట్లో చాప మీద బీడీలు చుడుతోంది, బిడ్డ చాప అంచున పాకుతోంది. నేను ఇంటి వెనక కట్టెలు కొడుతున్నాను. చెల్లె తలెత్తేసరికి పందిరి అవతల, రెండు మంచాల దూరంలో, తోడేలు నిలబడి బిడ్డను చూస్తోంది. ఉన్న రెండో మేక వైపు అది చూడనే లేదట. చెల్లె ఒళ్ళోని బీడీల చేటను దాని మొహం మీదికి విసిరి బిడ్డ మీద బోర్లా పడింది. నేను వచ్చేసరికి వాకిలంతా ఆకు, తంబాకు. ఆ తంబాకు ఘాటుకు బిడ్డ తుమ్ముతోంది. చెల్లె ఏడవలేదు. లేచి నా ముందుకు వచ్చి నిలబడింది.

“అన్నా, నువ్వు కొడ్తవా, కొట్టవా? గది చెప్పు నాకు. కొట్టనంటే రేపే నా బిడ్డను తీస్కొని భీవండి పోత. ఎనిమిది మందిల తొమ్మిదోదాన్నై పడుకుంట. ఈడ మాత్రం ఉండ.”

నేను అరవలేదు. రేపు సాయంత్రం అన్నాను.

ఆ రేపు సాయంత్రం బాపు నాతో వచ్చాడు. వద్దన్నాను, వినలేదు. వాగు లోపల, ఇసుకలో, గట్టు వైపు గుండు పోయేటట్టు ఒక చోటు చూసుకున్నాం. అక్కడి నుంచి కొడితే వెనక ఉన్నది ఎత్తైన మట్టి గోడ, మనిషి జాడ లేదు. చోటు మంచిదే గాని ఆసరా ఏదీ నిలవడం లేదు. పంగల కట్టె మళ్ళీ తెచ్చాం, తుపాకీ బరువు పడగానే ఇసుకలో జానెడు దిగబడి పక్కకు ఒరిగింది. మూడు కట్టెలు కలిపి నూలుతో కట్టి నిలబెట్టాను, మూడూ మూడు దిక్కులకు జారాయి. సంచి నేల మీద పెట్టి బోర్లా పడుకుంటే ముందరి తంగేడు పొదలు అడ్డం, ఏమీ కనిపించలేదు. పొద్దు కిందికి దిగుతోంది. నేను కట్టెలను తిట్టడం మొదలుపెట్టాను, ఇసుకను తిట్టాను, నూలును తిట్టాను. గొంతు తగ్గించి తిట్టాను గాని తిట్టడం ఆపలేదు.

బాపు లేచి నా ముందుకు వచ్చి, ఇసుకలో కాళ్ళు రెండూ పూడేటట్టు గొంతుకు కూర్చున్నాడు. తలకు చుట్టిన రుమాలు విప్పి, నాలుగు మడతలు వేసి కుడి భుజం మీద పెట్టుకున్నాడు. “పెట్టు” అన్నాడు.

వద్దని తల అడ్డంగా ఊపాను, ఆయనకు కనిపించలేదు. రుమాలును చెవికి కట్టుకో అని చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. ఆ మడత భుజం మీద ఉంటే గొట్టం కదలదు అన్నంత వరకే ఆలోచించాను. నలభై ఏండ్లు మోకు, లొట్లు, కావడి మోసిన భుజం అది. ఆయన వెనక మోకాళ్ళ మీద కూర్చొని తుపాకీ కట్టె భాగాన్ని ఆ రుమాలు మీద ఆనించాను. ఆనించిన క్షణాన ఆయన వీపు బిగుసుకుంది. నా వణుకంతా ఆ భుజంలోకి పోయింది. దాచడానికి ఏమీ మిగలలేదు. ఆయన వెనక్కి తిరగలేదు. కుడి చేయి పైకెత్తి తుపాకీని గట్టిగా పట్టుకొని భుజానికేసి ఒత్తాడు, తల పక్కకు వంచి చెంప కూడా దానికి ఆనించాడు. వణుకు ఆగింది.

ఎంతసేపు అట్లా ఉన్నామో తెలియదు. ఆయన ఊపిరి తుపాకీ లోంచి నా చెంపకు తెలుస్తోంది. నా మోకాళ్ళ కింద ఇసుక చల్లబడింది. ఈ దెబ్బ తప్పితే మళ్ళీ అది మా వాకిట్లోకే పోతుంది, చెల్లె ఒళ్ళో చేట ఉంటుందో లేదో అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది. తోడేలు తంగేడు పొదల పక్క నుంచి వచ్చింది. ఆగి గాలి వాసన చూసింది. నలభై అడుగులు. బాపుకు అది కనిపించదు, నా ఊపిరి ఆగడంతో వచ్చిందని తెలుసుకున్నాడు.

“ఊపిరి ఇడువు. నేను కదల.”

ఊపిరి వదిలాను. గురి దాని భుజం మీద నిలిచింది, మళ్ళీ అటూ ఇటూ పోలేదు. మీట నొక్కాను. పొగలో ఏమీ కనిపించలేదు. పొగ విడిపోయాక చూస్తే అది ఇరవై అడుగులు ఉరికి ఇసుకలో పడి ఉంది. దగ్గరికి పోయి చూశాను. ఎముకలు లెక్కపెట్టొచ్చు. వెనక కాలికి ఎప్పటిదో ఉచ్చు తీగ కోసిన గాయం. మూడు వారాలు నన్ను నిద్రపోనివ్వని జంతువు ఇంతేనా అనిపించింది. దాని మీద జాలి పడడానికి కూడా నాకు ఓపిక లేదు.

వెనక్కి వచ్చేసరికి బాపు ఇంకా అట్లాగే గొంతుకు కూర్చొని ఉన్నాడు. పడిందా అని సైగ చేశాడు, పడిందన్నాను. అప్పుడు నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకొని, ఆ పొర కమ్మిన కండ్లకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. ఒక్కో వేలు వత్తి చూశాడు.

“ఎన్నడు సంది?”

“రెండేండ్లు” అన్నాను.

ఆయన విననట్టు నా మొహంలోకి చూశాడు. మళ్ళీ గట్టిగా చెప్పాను. తల ఊపి, “చెల్లెకు చెప్పకు” అన్నాడు. అంతే. పోవద్దు అంటాడని నేను రెండేండ్లుగా భయపడుతున్నాను. ఆయన ఆ మాట అనలేదు. అననందుకు నాకు ఎంత బాధ కలిగిందో ఎవరికైనా చెప్తే నవ్వుతారు. అనడానికి ఆయన దగ్గర వేరే దారి లేదు, పాపం. అప్పుడది నాకు అర్థమయ్యేంత వయసు ఉంది గాని బుద్ధి లేదు.

ఆ తర్వాత ఉన్న రోజుల్లో బాపు కొంచెం గట్టిగా మాట్లాడాడు, పిలిస్తే కొంచెం ఆలస్యంగా పలికాడు. చెవిలో గుయ్యిమంటోంది, రెండు రోజుల్లో తగ్గుతుంది అన్నాడు. జగిత్యాల డాక్టరుకు చూపిద్దాం అంటే, మందు చప్పుడు నాకేమన్నా కొత్తదా అని కసిరాడు. నేనూ పట్టుబట్టలేదు. టికెట్ తేదీ దగ్గర పడింది, సంచి సర్దుకోవడంలో పడిపోయాను. బస్సు ఎక్కేటప్పుడు చెల్లె బిడ్డను ఎత్తుకొని రోడ్డు దాకా వచ్చింది. చెల్లె మొహం తేటగా ఉంది. అది చూసి అంతా బాగయిందనుకున్నాను.

సౌదీ పోయిన ఐదారు నెలలకు మా ఊరివాడు ఒకడు వస్తూ చెల్లె పంపిన క్యాసెట్ తెచ్చాడు. అప్పట్లో ఉత్తరం కంటే క్యాసెట్టే ఎక్కువ, ఇంటిల్లిపాదీ టేప్ ముందు కూర్చొని మాట్లాడి పంపేవాళ్ళు. రూములో అందరం నేల మీద కూర్చొని విన్నాం. మొదట బాపు గొంతు. వాగు అవతలి వాళ్ళను పిలిచినట్టు అరుస్తున్నాడు. చేతులు ఎట్లున్నయో అడగలేదు, అన్నం మంచిగ తినమన్నాడు. మీ నాయనకు టేప్ మీద నమ్మకం లేనట్టుంది, ఊరి నుంచి ఈడికి నేరుగానే వినిపిద్దామని అరుస్తున్నడు అని రూమువాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత చెల్లె, బిడ్డకు మాటలొచ్చినయి అన్నా, విను అంది. టేప్‌లో బిడ్డ గొంతు, తాతా అంది. బాపు ఇంకా నాకే ఏదో చెప్తూ ఉన్నాడు, ఆగలేదు. తాతా, అని మళ్ళీ అంది. పక్కనే కూర్చున్నట్టుంది, గొంతు ఆయన గొంతుకు ఆనుకొనే వినిపిస్తోంది. తాతా, తాతా, తాతా అని పిలుస్తూనే ఉంది, ఆయన పలకడం లేదు. రూములో ఎవరూ నవ్వడం లేదు. చివరికి చెల్లె గొంతు మెల్లగా వినిపించింది.

“గా దిక్కు వినవడది బిడ్డా. గీ పక్కకు వచ్చి పిలువు.”